బుల్లెట్టును విప్పకండి, ఇసుక మీదికి నడిపించండి

పాత బుల్లెట్టు ఇంటికి వచ్చిన రోజున ఎవరైనా మీ చేతికి స్పానరు ఇస్తే తీసుకోకండి. నీళ్ళ పైపు ఇచ్చినా తీసుకోకండి. బండిని అరుగు పక్కన స్టాండు వేసి నిలబెట్టి, పీట వాల్చుకుని దాని ఎదురుగా కూర్చోండి. ఏళ్ళ నాటి మట్టి, తుప్పు, మూడు పొరల పెయింటు ఒంటి మీద ఉన్నప్పుడే దాని చాసిస్ సంగతి తెలుస్తుంది. కడిగి, విప్పి, గీకి, ప్రైమరు కొట్టాక ఆ గుర్తులు ఒక్కటీ మిగలవు.

ముందు మొత్తం విప్పాలి, బ్లాస్టింగ్ చేయించాలి, ఆ తర్వాతే వంకర చూడాలి అని నేర్చుకున్నవాళ్ళకి ఈ మాట తలకిందులుగా ఉంటుంది. అమలాపురంలో నాకు తెలిసిన మెకానిక్కులు దీన్ని ఒప్పుకోరు. అయినా చెబుతాను. విప్పడం చివరి పని. వంకర తీయడం చాలా బళ్ళకి అసలు చేయకూడని పని.

మాది ఓడలరేవు. వైనతేయ గోదావరి సముద్రంలో కలిసే చోటు. బయటి ఊళ్ళవాళ్ళకి ఇప్పుడు ఓ.ఎన్.జి.సి. గ్యాసు టెర్మినల్ పేరు చెబితే తెలుస్తుంది గానీ, ఊరి పేరులోనే ఓడలూ రేవూ ఉన్నాయి. నా దగ్గరున్న 350 బుల్లెట్టు 1971 నాటిది, మా పెదనాన్నది. ఆయన దాని మీద అంబాజీపేట మార్కెట్టుకి కొబ్బరికాయలు తోలేవారు. బస్తా ఎప్పుడూ ఎడమవైపే వేలాడేది. పాత బుల్లెట్టుకి కిక్కూ, గేరూ, సైలెన్సరూ అన్నీ కుడివైపే. బస్తా కట్టుకోవడానికి మిగిలింది ఎడమవైపే. 1996 నవంబరు 6 రాత్రి తుపానులో పశువుల పాక కూలి, దాని దూలం బండి వెనక భాగం మీద పడింది. ఆ రాత్రి కోనసీమలో పడిపోయిన కొబ్బరిచెట్ల ముందు ఒక బండి లెక్కలోకి రాలేదు. పాతికేళ్ళ మీదట నేను దాన్ని మళ్ళీ బయటికి తీశాను.

కాబట్టి నా మొదటి సలహా కొలతకి సంబంధించింది కాదు. బండి ఎవరిదో, దేనికి వాడారో, ఏ పక్కకి పడిందో అడగండి. పాత యజమాని ఇంట్లో ఆడవాళ్ళని అడగండి, వాళ్ళకి బాగా గుర్తుంటుంది. "మీ పెదనాన్న ఎప్పుడు పడ్డా ఎడం మోకాలికే దెబ్బ తగిలేదిరా" అని మా పెద్దమ్మ చెప్పిన ఒక్క మాటతో నేను ఎక్కడ వెతకాలో తెలిసింది. ఎదురుగా దేన్నైనా గుద్దిన బండి అయితే హ్యాండిలు తలకాయ కింద గొట్టం చూడాలి. పక్కకి పడిన బండి అయితే ఫోర్కూ, ఫుట్‌రెస్టులూ చూడాలి. బరువులు మోసిన బండి అయితే వెనక స్వింగార్మూ, షాక్ అబ్జర్బర్ల పై పట్లూ చూడాలి. సైడుకారు కట్టిన బండి అయితే అన్నీ చూడాలి.

తర్వాత కళ్ళు మూసుకోండి. తలకాయ కింద నుంచి ఇంజను దాకా దిగే ఒంటి గొట్టాన్ని వేళ్ళతో మెల్లగా నిమరండి. ముందు చక్రం ఎప్పుడైనా గట్టిగా వెనక్కి నెట్టబడి ఉంటే, ఆ గొట్టం పై భాగంలో చిన్న ఉబ్బో, మడతో వేలికి తగులుతుంది. కంటికి కనబడనిది వేలికి తెలుస్తుంది. పెయింటు మీద అడ్డంగా సన్నని చారలు ఉన్నాయేమో చూడండి. కింద ఇనుము కదిలితే పైన పెయింటు అలా చీలుతుంది. బ్లాస్టింగ్‌కి పంపించేవాళ్ళు మొదట చెరిపేసుకునేది ఈ సాక్ష్యాన్నే. మా తీరంలో ఇంకో సంగతి ఉంది. ఉప్పుగాలి గొట్టాల్ని లోపలి నుంచి తినేస్తుంది. కాబట్టి చిన్న స్పానరు పిడితో గొట్టం పొడవునా తట్టుకుంటూ రండి. ఖంగుమన్న శబ్దం ఒక చోట మొద్దుగా మారితే, అక్కడ తుప్పు పొట్టో, వరద మట్టో ఉందని అర్థం.

పడవలు కట్టే ఒక పెద్దాయన నాకు తర్వాతి దారి చూపించారు. మా అరుగు మీద బండికి దారాలు కట్టి తంటాలు పడుతుంటే వచ్చి కాసేపు చూశారు.

"ఏవండీ బాబూ, నేల మట్టంగా ఉందనుకుంటున్నారా?"

"ఉన్నట్టే ఉందండి మేస్త్రి గారూ."

"ఉండదండి. మన నేల గోదారి తెచ్చి పోసిన ఒండ్రు. ఏటా ఓ పక్కకి దిగుద్ది. పడవ ఒంకర గట్టు మీద తెలవదండి, నీట్లోకి తోసి చూడాల. బండైనా అంతేనండి, దొర్లించి చూడండి."

ఆయ్, అలాగేనండి అని మర్నాడు తెల్లవారుజామున బండిని సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళాం.

ఉప్పు నీటి దగ్గరికి పాత ఇనుమును తీసుకెళ్ళడం ఎంత తప్పో నాకు తెలుసు. అయినా ఇదే చేయమంటాను. పాటు దిగాక అలలు వెనక్కి తగ్గిన చోట గట్టి తడి ఇసుక ఉంటుంది, అడుగు వేస్తే అచ్చు పడుతుంది గానీ కూరుకుపోదు. అలాంటి ఇసుక మీద బండిని ఎక్కి నడపకండి, ఇంజను వేయకండి. ఇద్దరు చెరో పక్కా పట్టుకుని, నిటారుగా ఉంచి, హ్యాండిలు తిప్పకుండా ఇరవై అడుగులు నెట్టండి. తర్వాత వెనక్కి వచ్చి గొంతుక్కూర్చుని అచ్చులు చూడండి. పాత బుల్లెట్టుకి రెండు చక్రాలూ 19 అంగుళాలవే, రెండు టైర్లూ 3.25 అంగుళాల వెడల్పే. అందుకని చాసిస్ తిన్నగా ఉంటే వెనక చక్రం ముందు చక్రపు అచ్చు మీదే పోతుంది. వంకర ఉంటే అచ్చు పక్కనే ఇంకో గీత కనబడుతుంది.

ఒక్కసారి చూసి నిర్ణయించుకోకండి. ఒడ్డు సముద్రం వైపు వాలి ఉంటుంది. కొమరగిరిపట్నం వైపు తూర్పుగా నెడితే సముద్రం కుడిచేతికి ఉంటుంది, బండి కుడికి జారుతుంది. అదే బండిని తిప్పి నది మొగ వైపు నెడితే సముద్రం ఎడమచేతికి వస్తుంది, జారుడు ఎడమకి మారుతుంది. వాలు వల్ల వచ్చే తేడా దిశ మారగానే పక్క మారుస్తుంది. చాసిస్ వల్ల వచ్చే తేడా మాత్రం ఎటు నెట్టినా ఒకే పక్కన ఉంటుంది. నా బండికి రెండు వైపులా నెట్టినా వెనక గీత ఎడమకే పడింది. గరాజుల్లో ఎందరో చూసి "బానే ఉంది" అన్న బండిలో తేడా ఉందని నాకు అప్పుడు తేలింది. ఇంటికి రాగానే మూడు బిందెల మంచినీళ్ళతో చక్రాలూ, స్వింగార్మూ, చైనూ కడిగి తుడిచి నూనె రాయండి. ఆ పని వాయిదా వేసేవాళ్ళు ఇసుక జోలికి పోవద్దు.

చేతులు వదిలి నడిపి చూడమని చెప్పే వాళ్ళ మాట వినకండి. ప్రమాదం సంగతి అలా ఉంచితే, అది ఏమీ తేల్చదు. తలకాయలో బాల్స్ గుంటలు పడినా, టైరు ఒక పక్క అరిగినా, ఫోర్కు ఒక కాలు వంగినా బండి ఒక పక్కకే లాగుతుంది. చాసిస్‌కి ఆ నింద వేసి కోయించిన బళ్ళు నేను చూశాను.

ఇసుక తేడా ఉందని చెబుతుంది, ఎంతో చెప్పదు. దానికి దారం కావాలి. మేస్త్రులు వాడే లావు నూలు దారం వద్దు. వల అల్లే సన్నని నైలాన్ దారం తెచ్చుకోండి, మా ఊళ్ళో అది దొరకని ఇల్లు లేదు. వెనక టైరు వెనక భాగం నుంచి ముందు టైరు ముందు భాగం దాకా, భూమికి జానెడు ఎత్తున, రెండు పక్కలా బిగించి లాగండి. దారం వెనక టైరుకి రెండు చోట్లా తాకేలా సరిచేశాక, ముందు టైరుకి ఎడమన ఎంత సందుందో, కుడిన ఎంత సందుందో స్కేలుతో చూసి రాసుకోండి. నా బండికి ముందూ వెనకా చక్రాల మధ్య గీతలకి 7 మి.మీ. తేడా వచ్చింది.

ఇక్కడ తొందరపడి 7 మి.మీ. చాసిస్‌దే అనుకుంటే పొరపాటే. మొదట చక్రాన్ని అనుమానించండి, తర్వాతే చాసిస్‌ను. బుల్లెట్టు వెనక రిమ్ము హబ్బుకి నట్టనడుమ ఉండదు. పుల్లలు బిగించేటప్పుడు దాన్ని ఒక పక్కకి లాగి కూర్చోబెట్టాలి. తెలియని చేతుల్లో పడిన చక్రం చక్కగా, అవుట్ లేకుండా తిరుగుతూనే మొత్తంగా పక్కకి జరిగి ఉంటుంది. నా 7 మి.మీ.లో 3 అలా వచ్చినవే. పుల్లలు మళ్ళీ బిగించగానే పోయాయి. చైను సరిచేసే నత్తగుల్ల బిళ్ళల గాట్లని కూడా నమ్మకండి. రెండు పక్కలా ఐదో గాటు మీద ఉన్నంత మాత్రాన ఇరుసు తిన్నగా ఉన్నట్టు కాదు. స్వింగార్మ్ ఇరుసు మధ్య నుంచి చక్రపు ఇరుసు మధ్య దాకా రెండు పక్కలా టేపుతో కొలవండి.

మిగిలిన 4 మి.మీ. కోసం బండిని విప్పాల్సిందే. ఇప్పుడు విప్పండి. కానీ ఇంజను మాత్రం ఉంచండి.

ఈ సలహా నాకు అన్నిటికన్నా ముఖ్యం, అందుకే కాస్త నిదానంగా చెబుతాను. ఈ రూపంలో 1949లో మార్కెట్టులోకి వచ్చి, 1955లో మద్రాసు మోటార్స్ ఇంగ్లండు కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టాక మన దేశంలోనే తయారైన బుల్లెట్టు చాసిస్‌కి ఇంజను కింద గొట్టాలు లేవు. ముందు గొట్టం తలకాయ నుంచి దిగి ఇంజను ముందు ఆగిపోతుంది. సీటు కింది గొట్టం దిగి ఇంజను వెనక ఆగిపోతుంది. ఆ రెండిటినీ కలిపేది ఇంజనే. ఇంజను తీసేస్తే మీ చేతిలో ఉన్నది అడుగు లేని చట్రం. కింది కొసలు రెండూ గాలిలో వేలాడుతూ ఉంటాయి. దాన్ని అలాగే బల్ల మీద పడుకోబెట్టి, అది తిన్నగా ఉందా అని కొలవడం, తలుపు లేని ద్వారబంధాన్ని గోడలో పెట్టకుండా కొలిచినట్టే ఉంటుంది.

అందుకని ఇంజను హెడ్డు, సిలిండరు, లోపలి సామాను తీసేసి, ఖాళీ కేసుల్ని గేరుబాక్సు డొల్లతో సహా వాటి ప్లేట్లతో చాసిస్‌లో బిగించండి. బిగించేటప్పుడు ఒక నియమం. ప్రతి బోల్టూ చేత్తో దూరాలి. వేలితో నెడితే లోపలికి పోని బోల్టును సుత్తితో కొట్టి దూర్చకండి. ఆ బోల్టు దగ్గర ఆగి, ఎటు ఎంత తప్పిందో రాసుకోండి. చాసిస్ గురించి, దాన్ని బిగించి కొలిచే జిగ్గు మీద తెలిసే దానిలో సగం ఆ బోల్టు రంధ్రమే చెబుతుంది. కేసులు బిగించి ఒకసారి కొలవండి, తీసేసి ఇంకోసారి కొలవండి. రెండు కొలతలూ ఒకటే అయితే మంచిది. కేసులు తీయగానే తలకాయ పక్కకి కదిలితే, ఇన్నాళ్ళూ ఇంజనే చాసిస్‌ను బలవంతంగా పట్టుకుని ఉందన్నమాట.

కొలవడానికి బల్ల అక్కర్లేదు. ఊళ్ళో మట్టమైన ఇనప బల్ల ఎక్కడ దొరుకుతుంది? కోనసీమ ఇళ్ళలో అంతకన్నా మంచిది ఉంది. వసారాలో ఉయ్యాల బల్ల దించేసి, ఆ కొక్కేలకి చాసిస్‌ను వేలాడదీయండి. ఇంట్లోవాళ్ళు నాలుగు రోజులు సహించాలి.

స్వింగార్మ్ ఇరుసు రంధ్రంలో నిక్కచ్చిగా పట్టే బుష్‌లు లేత్ మీద తీయించి, వాటిలో నుంచి ఒక తిన్నని రాడ్డు దూర్చండి. పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లలో తల జరిగే రాడ్డు ఉంటుంది, అది చాలా తిన్ననిది. పాత సామాను కొట్లో దొరుకుతుంది. దాన్ని కిటికీ అద్దం మీద దొర్లించి చూడండి. కింద వెలుతురు సందు కనబడకుండా దొర్లితే పనికొస్తుంది. తలకాయ గొట్టంలోకి కూడా అలాగే బుష్‌లతో 90 సెం.మీ. పొడవున్న రాడ్డు ఒకటి పెట్టండి. ఇరుసు రాడ్డు రెండు కొసలకీ రెండు తాళ్ళు, తలకాయకి ఒక తాడు, మొత్తం మూడు కొక్కేలు.

ఇప్పుడు ఇరుసు రాడ్డు మట్టంగా ఉండాలి. రసమట్టం వద్దు, పొట్టి రసమట్టానికి ఇంత చిన్న తేడా అందదు. ఇల్లు కట్టే మేస్త్రులు పునాది మట్టం చూసే సన్నని పారదర్శక గొట్టం తెచ్చి నీళ్ళతో నింపండి. బట్టలకు పెట్టే నీలిమందు చిటికెడు కలిపితే నీటి గీత స్పష్టంగా కనబడుతుంది. గొట్టంలో గాలి బుడగ ఒక్కటున్నా కొలత తప్పుతుంది, గొట్టమంతా వేలితో తట్టి బుడగలు పైకి పంపించండి. రాడ్డు రెండు కొసలూ నీటి గీతకి ఒకే ఎత్తులో వచ్చేదాకా తాళ్ళు సవరించండి.

తర్వాత తూకం గుండ్లు. తలకాయలో పెట్టిన రాడ్డు పై కొస నుంచి ఒకటి, కింది కొస నుంచి ఒకటి, ఇరుసు రాడ్డు నడిమధ్య నుంచి ఒకటి, సీటు గొట్టం మధ్య నుంచి ఒకటి వదలండి. మా ఊళ్ళో పొద్దెక్కిందంటే సముద్రపు గాలి మొదలవుతుంది, గుండు నిలవదు. తెల్లవారాక గాలి లేవకముందే పని ముగించండి. లేకపోతే ఒక్కో గుండునూ నీళ్ళ బకెట్టులో మునిగేలా వదలండి, ఊగడం ఆగిపోతుంది. గుండు మొనల కింద నేల మీద సుద్దతో చుక్కలు పెట్టి, నాలుగు చుక్కల మీదుగా దారం లాగండి. చాసిస్ తిన్ననిదైతే నాలుగూ ఒకే గీత మీద ఉంటాయి. నేల పల్లంగా ఉన్నా, పగిలి ఉన్నా ఈ కొలతకి పట్టింపు లేదు. మట్టాన్ని నీరు చూసుకుంటుంది, నిలువును గుండు చూసుకుంటుంది.

తలకాయలో అంత పొడుగు రాడ్డు ఎందుకంటే, గొట్టం సుమారు 16 సెం.మీ. పొడవే ఉంటుందనుకోండి, అది 1 డిగ్రీ పక్కకి వాలితే ఆ పొడవులో తేడా 3 మి.మీ.కి లోపే. కంటికి ఆనదు. అదే వాలు 90 సెం.మీ. మీద సుమారు 16 మి.మీ. అవుతుంది. తలకాయ నుంచి నేల దాకా ఉండే దూరం కూడా ఇంచుమించు అంతే కాబట్టి, ముందు చక్రం నేల మీద ఎంత పక్కకి వస్తుందో కూడా ఆ లెక్కే చెబుతుంది.

ఇరుసు రాడ్డు మధ్యకి అటూ ఇటూ 30 సెం.మీ. దూరంలో రెండు గుండ్లు వదిలి చుక్కలు పెట్టి, ఆ రెండిటి నుంచీ తలకాయ కింది చుక్కకి ఒకే దారంతో కొలవండి. రెండు దూరాలూ సమానమైతే ఇరుసు చాసిస్‌కి మూల మట్టంగా ఉంది. స్వింగార్మ్‌ను విడిగా చూడండి. ఇరుసు రంధ్రంలో ఒక రాడ్డు, చక్రం పట్టే గాడుల్లో ఇంకో రాడ్డు పెట్టి, వెనక నిలబడి ఒక కన్ను మూసి ఒక రాడ్డు మీదుగా ఇంకోదాన్ని చూడండి. వడ్రంగి పలక మెలి చూసేటప్పుడు రెండు బద్దలు పెట్టి ఇలాగే చూస్తాడు. అర మిల్లీమీటరు మెలి కూడా కన్ను పట్టుకుంటుంది.

మా బండి లెక్క ఇది. తలకాయ తిన్నగా ఉంది. ఇరుసు మూల మట్టంగా ఉంది. స్వింగార్మ్ చక్రం దగ్గర 4 మి.మీ. ఎడమకి వంగింది, అది ఏళ్ళ తరబడి వేలాడిన కొబ్బరి బస్తాది. ఎడమ షాక్ అబ్జర్బర్ పై పట్టు కుడిదానికన్నా 11 మి.మీ. కిందికి దిగింది, అది పాక దూలానిది.

ఇప్పుడు నేను చెప్పేది మీకు కష్టంగా ఉంటుంది. వంకర తీయించకండి.

ఆ కాలపు చాసిస్‌లు గొట్టాల్ని ముడుల్లో కూర్చి ఇత్తడితో అతికినవి. అతికేటప్పుడు వేడికి అవి అటూ ఇటూ లాగుకుపోయేవి, చల్లారాక చేత్తో, కడ్డీతో సర్దేవారు. కొన్ని మిల్లీమీటర్ల తేడా పుట్టుకతోనే ఉన్న బళ్ళు ఎన్నో. అవి బాగానే నడిచాయి. ఏది పుట్టుక వంకరో, ఏది దెబ్బ వంకరో తేలకుండా అంతా సున్నాకి తెస్తానని కూర్చోవడం నాకు నచ్చదు. నా స్నేహితుడి బండి విషయం చెబుతాను. ఒక పట్నంలో ఒక షాపులో తలకాయ దగ్గర గ్యాసుతో ఎర్రగా కాల్చి, స్తంభానికి గొలుసు కట్టి జాకీతో లాగారు. కంటికి తిన్నగా వచ్చింది. పౌడర్ కోటింగ్ చేసి అద్దంలా ఇచ్చారు. ఒక వానాకాలం తిరిగేసరికి తలకాయ ముడి దగ్గర చీలిక కనబడింది. ఇత్తడి అతుకు అంత వేడి చూశాక మునుపటి పట్టు ఉండదు. ఆ చాసిస్‌కి ఇప్పుడు వంకర లేదు, బలం కూడా లేదు.

వేరే చాసిస్ తెచ్చి వేస్తామని కొందరంటారు. అస్సలు వద్దు. బండి పుట్టు పేరు చాసిస్ నంబరే, ఆర్.సి. మీద ఉండేది అదే. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటిన బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేసుకోవచ్చు, నంబరులో 'వి.ఎ.' అక్షరాలు వస్తాయి. దానికి బండి అసలు రూపంలో ఉండాలి, చాసిస్‌లోనూ, ఇంజనులోనూ పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. అలా నమోదైన బండిని రోజూ తిప్పడానికి వాడకూడదన్నది కూడా ఆ నిబంధనల్లోనే ఉంది, అది తెలుసుకుని దరఖాస్తు చేయండి. పాతదాన్ని కోసి పక్కన పెట్టి కొత్త గొట్టాలు అతికినవాళ్ళు ఈ తలుపు తామే మూసుకుంటున్నారు.

నేను ఒప్పుకునే మినహాయింపులు మూడే. చీలిక ఉంటే, తలకాయ కింద గొట్టం మడత పడి ఉంటే, తుప్పు గొట్టం మందాన్ని తినేసి ఉంటే, ఆ బండిని రోడ్డెక్కించకండి, జిగ్గు ఉన్నచోటికి పంపండి. చీలిక ఎలా తెలుస్తుందంటే, ముడుల చుట్టూ పెయింటు గీకి, కిరసనాయిలు పూసి పావుగంట వదిలేయండి. శుభ్రంగా తుడిచి, పైన సుద్దపొడి పలచగా రుద్దండి. చీలిక ఉంటే లోపల దాగిన కిరసనాయిలు పైకి ఊరి తెల్లని సుద్ద మీద సన్నని తడి గీతగా కనబడుతుంది. ఈ పరీక్ష కొలతలన్నిటికన్నా ముందు ఒకసారి, చివర ఒకసారి చేయండి.

ఈ మూడూ లేకపోతే వంకరను ఉండనిచ్చి, దాని చుట్టూ బండిని సర్దండి. స్వింగార్మ్ 4 మి.మీ. ఎడమకి ఉంటే, రిమ్మును పుల్లలతో 4 మి.మీ. కుడికి లాగండి, చక్రాలు మళ్ళీ ఒక గీత మీదికి వస్తాయి. చైను దంతెల వరస మాత్రం దారం పట్టి మళ్ళీ చూసుకోవాలి. ఎడమ పట్టు 11 మి.మీ. దిగి ఉంటే ఎడమ స్ప్రింగు కుడిదానికన్నా అంత ఎక్కువ నొక్కుకుని ఉంటుంది, స్వింగార్మ్‌ను మెలి తిప్పుతూ ఉంటుంది. అందుకని కుడి స్ప్రింగు కింద 11 మి.మీ. మందం ఉక్కు వలయం పెట్టాను. దెబ్బ ఎడమన తగిలింది, మందు కుడిన పడింది. రెండు స్ప్రింగులూ ఇప్పుడు సమానంగా నెడుతున్నాయి. ఇది చూసి మెకానిక్కులు తల అడ్డంగా ఊపుతారు. మా పెదనాన్న ఏళ్ళ తరబడి మోసిన బస్తా బరువు ఆ ఇనుములో ఉంది. దాన్ని జాకీ పెట్టి తీసేసే హక్కు నాకుందని నేననుకోను. బండి నడిచినంత కాలం, బ్రేకు పట్టినప్పుడు పక్కకి లాగనంత కాలం ఉండనిస్తాను.

అన్నీ బిగించాక మళ్ళీ ఇసుక మీదికి వెళ్ళండి. పాటు వేళ, రెండు దిక్కులా, ఇద్దరు నెడుతూ. ఈసారి అచ్చు ఒకటే పడాలి. పడకపోతే పుల్లల దగ్గర మళ్ళీ మొదలుపెట్టండి, చాసిస్ దగ్గర కాదు.

కొలతలన్నీ ఒక కాగితం మీద తేదీ వేసి రాయండి. తలకాయ వాలు, ఇరుసు మూల మట్టం, ఎడమ పట్టు కుడి పట్టు ఎత్తులు, చక్రాల మధ్య తేడా, ఇరుసుల మధ్య దూరం. ఫ్యాక్టరీ లెక్క ప్రకారం రెండు చక్రాల ఇరుసుల మధ్య 1370 మి.మీ. ఉండాలి. చైను బిళ్ళలు ఏ గాటు మీద ఉండగా కొలిచారో కూడా రాయండి, లేకపోతే ఆ అంకె దేనికీ పనికిరాదు. ఇంకు పెన్ను వద్దు, చెమ్మకి అలుక్కుపోతుంది, పెన్సిలు వాడండి. కాగితాన్ని ప్లాస్టిక్ సంచిలో మడిచి టూల్‌బాక్సు మూత లోపలివైపు అంటించండి. ఏటా తుపాన్ల కాలం దాటాక మళ్ళీ దారం కట్టి అదే కాగితం మీద కొత్త వరస రాయండి.